హాజరుపట్టీలో పద్దెనిమిది మంది

పద్దెనిమిది మంది పిల్లల్ని ఒక్క మధ్యాహ్నంలో బళ్ళో చేర్చిన ఘనత నాది. ఏ పిల్లాడినీ చెయ్యి పట్టుకుని లాక్కురాలేదు, ఏ తల్లినీ బతిమాలలేదు, కనీసం ఎండలో కూడా నడవలేదు. పంచాయతీ సమితి ఆఫీసులో నా బల్ల ముందు ఒక హెడ్మాష్టరుగారిని కూర్చోబెట్టి, అడ్మిషన్ రిజిస్టరు తెరిపించి, ఒక్కో పేరే రాయించాను. ఆఫీసు మూసే వేళకి సిరా కూడా ఆరిపోయింది. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. జిల్లాలో ఇంత చవగ్గా బడిని పెంచినవాడు ఇంకొకడు ఉండడనుకున్నాను. మర్నాడు పొద్దున తెనాలిలో కొట్టు తెరుస్తూ మా నాన్నకి చెప్పాను కూడా.

ఆయన త్రాసు తుడుస్తూ విని, "సరుకేదిరా?" అన్నాడు.

"సరుకు లేదు నాన్నా. కాగితం ఒక్కటే."

ఆయన రెండో పళ్ళెం కూడా తుడుచుకున్నాడు.

మాది బజారులో కిరాణా కొట్టు. ఒక పక్క గుడ్డల కొట్టు, ఇంకో పక్క అత్తరు అమ్మే సాయిబుగారి కొట్టు. మూడు కొట్ల మధ్య అరుగు మీదే నేను పెరిగాను. ధర విని మెట్లు దిగిన మనిషి వెనక్కి తిరిగి చూస్తే ఇంకో అణా తగ్గించాలనీ, చూడకపోతే పిలవకూడదనీ నాకు అక్షరాల కంటే ముందు తెలుసు. ఈ విద్యతో నేను వ్యాపారం చెయ్యకుండా గుమస్తా ఉద్యోగంలో చేరాను. రేపల్లె వైపు ఒక సమితి ఆఫీసులో ఎలిమెంటరీ స్కూళ్ళ కాగితాలు చూసే బల్ల నాది. పొద్దున్నే తెనాలిలో బండెక్కడం, సాయంత్రం దిగడం.

నెల మొదట్లో హెడ్మాష్టర్లు నా బల్ల చుట్టూ చేరేవారు. పేరుకి హెడ్మాష్టరే గాని, బళ్ళో గంట కొట్టేదీ ఆయనే, పాలపొడి కలిపేదీ ఆయనే, వాన వస్తే తాటాకు సర్దేదీ ఆయనే. జీతం బిల్లు వెనక్కి వచ్చిందనో, సుద్దముక్కలు లేవనో, రెండో పంతులు సెలవు పెట్టి రావడం లేదనో చెప్పేవారు. నేను వాళ్ళకి సాయం చేసేవాణ్ణి. గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే చేసేవాణ్ణి. తెనాలిలో పలకలు టోకున బేరమాడి, మిగిలినదాంట్లో మూడు బళ్ళకి నల్లబల్లలు చేయించాను. ఆ మూడు నల్లబల్లల వల్లే నా బుర్ర మీద నాకు అంత నమ్మకం కుదిరింది.

అప్పుడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యుద్ధం వచ్చి పోయింది, ఖజానాలో డబ్బు లేదు, పిల్లలు అరవై మంది లేనిచోట రెండో పోస్టు తీసెయ్యమని. నేను మొదట చెప్పిన హెడ్మాష్టరుగారి బడి సముద్రం పక్క పల్లెలో. రేపల్లెలో బస్సెక్కి దిగాక కాలవ గట్టు మీద ఇంకో గంట నడక. చేపలు పట్టే కుటుంబాలు తప్ప వేరే ఇళ్ళు లేవు. బళ్ళో ఉన్నది నలభై నలుగురు. అందులో పంతొమ్మిది మంది ఆడపిల్లలు. నాలుగేళ్ళ కిందట బాపట్ల నుంచి పంతులమ్మగారు వచ్చేదాకా ఆడపిల్లలు ముగ్గురే. తల్లులు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఆవిడ ఉన్నదన్న ధైర్యంతోనే పిల్లల్ని బళ్ళో వదిలి వెళ్ళేవాళ్ళు. ఆవిడది రెండో పోస్టు.

ఆ రోజు ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకుని నన్నొకటే అడిగారు. ఉంచేది ఒక్క పోస్టే అయితే తనని తీసేసి ఆవిణ్ణి ఉంచడానికి వీలుంటుందా అని. వీల్లేదన్నాను. సర్వీసులో చిన్నవాళ్ళు ముందు పోవాలి, రూలది. మరి ఊళ్ళో బడికి రాని పిల్లలు ఎంతమంది అన్నాను. పద్దెనిమిది మంది అన్నారు. ఏటా కొన్ని నెలలు పడవలూ వలలూ వేసుకుని బాపట్ల వైపు రేవులకి పోయి, అక్కడే పాకలు వేసుకునే వాళ్ళ పిల్లలు.

"ఆ పిల్లలున్నారా, లేరా మేష్టారూ?"

"ఉన్నారండి. ఇక్కడ లేరు."

"ఉన్నారన్నారు కదా. రాయండి."

ఆయన వెనక్కి తిరిగి చూసే రకం మనిషి. చూశారు. రాశారు.

పోస్టు నిలబడింది. నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటే, చేరిన పిల్లలు ఊరికే ఉండరు. నెల తిరిగేసరికి వాళ్ళ వాటా పాలపొడి డబ్బాలు వచ్చాయి. ఆయన దాన్ని అమ్ముకునే మనిషి కాదు, పారబోసే మనిషీ కాదు. ఉన్న పిల్లలకి చిక్కగా కలిపి, మిగిలింది బాలింతలకి పంచి, పంచినందుకు నిద్రపట్టక నా దగ్గరికి వచ్చేవారు. తర్వాత పరీక్షలు వచ్చాయి. పద్దెనిమిది మందికీ మార్కులు కావాలి. పాసైతే పై తరగతికి పోతారు, ఐదు దాటితే బడి వదిలిపోతారు, సంఖ్య తగ్గుతుంది. ఫెయిలైతే అంతమంది ఎందుకు తప్పారని పైవాళ్ళు అడుగుతారు. తొమ్మిది మందిని పాస్ చేసి తొమ్మిది మందిని ఉంచమని సర్దిచెప్పాను. ఎవర్ని తప్పించాలో తేల్చుకోలేక ఆయన రెండు రోజులు సెలవు పెట్టారు. రాని పిల్లాడిని ఫెయిల్ చెయ్యడానికి కూడా ఆయనకి కారణం కావాలి.

ఆయన ఇక మానేద్దామన్న ప్రతిసారీ నేను ఒకటే చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొట్టేస్తే ముందు ఎందుకు రాశారంటారు. నిజమే కూడా. ఒక తలుపు వేస్తేగాని ఇంకో తలుపు తెరవకూడని గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, తాళంచెవి నా దగ్గరుందని ధైర్యం చెబుతుండేవాణ్ణి. నా దగ్గర ఏ చెవీ లేదు.

రెండో ఏడు తనిఖీ దగ్గరపడింది. ఆ ఏడు కొత్త పట్టీలో ఆయన పేర్లు రాశారు గాని, ఆ పద్దెనిమిది వరసల్లో హాజరు వెయ్యలేదని తెలిసింది. మూడు నెలల గళ్ళు ఖాళీ. చెయ్యి రాలేదండి, అన్నారు. నా చెయ్యి వస్తుందని మూడు రకాల సిరాతో మూడు కలాలు పట్టుకుని నేనే ఆ పల్లెకి బయలుదేరాను. రోజుకో సిరా మారిస్తే ఒక్కరోజే రాసినట్టు ఉండదని నా తెలివి.

కలరా సంగతి అప్పటికే పేపర్లో వస్తోంది. దేశాలు తిరిగి మన తీరానికి వచ్చిందని రాశారు. కొల్లూరు లంకల్లో ఉందన్నారు, కాలవల వెంబడి దిగుతోందన్నారు. నేను వెళ్ళిన మర్నాడు పొద్దున పల్లెలో ఇద్దరికి పట్టుకుంది. మధ్యాహ్నానికి బస్సు ఆగిపోయింది. కాలవ దాటే చోట ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టారు. సూదిమందు పొడిచి చీటీ ఇచ్చి, వారం గడిస్తేగాని ఇక్కడివాళ్ళు అక్కడికి పోకూడదు. సూదిమందు ఎప్పుడొస్తుందో కాపలావాళ్ళకీ తెలియదు. గుమస్తానని చెప్పాను. కలరాకి ఆ సంగతి తెలుసా సారూ, అన్నాడొకడు నవ్వకుండా.

బడికి సెలవిచ్చారు. ఒక్కటే గది. ఒక మూల పాలపొడి డబ్బాలు, ఒక మూల హెడ్మాష్టరుగారి చాప, ఒక మూల నాది, నడుమ బల్ల మీద హాజరుపట్టీ. బావిలో పోసిన బ్లీచింగ్ వాసన కాఫీలోనూ వచ్చేది. సెలవిచ్చిన రెండో రోజు నేను హాజరుపట్టీ తెరిచి కలం తీశాను. బయట ఒకావిడ ఏడుస్తోంది. నిన్న పట్టుకున్న ఇద్దరిలో ముసలాయన పోయాడు. కలం మూత పెట్టేశాను. ఆ తర్వాత మళ్ళీ తియ్యలేదు గాని, పుస్తకం మాత్రం అక్కడే ఉంది. ఎటు జరిగినా కాలికి ఆ బల్లే తగిలేది.

నాలుగో రోజు హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. భారీ మనిషి, నాలుగు ఊళ్ళు తిరిగి అలిసిపోయి ఉన్నాడు. ముందు బడి పిల్లలకి, తర్వాత పెద్దలకి అన్నాడు. చేతిలో కాగితం చూసుకుని అరవై రెండు అన్నాడు. ఆ అంకె ఎక్కడిదో ఆయన చెప్పక్కర్లేదు. సమితి ఆఫీసు పంపిన స్టేట్‌మెంటు అది, నా చేతిరాతే. పంతులమ్మగారు తాను ఉంటున్న ఇంటి నుంచి వచ్చి పిల్లల్ని వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కరి భుజం పట్టుకుని, సూది వైపు చూడకుండా ఎక్కం చెప్పించారు. నలభై నలుగురికీ అయింది.

"తక్కినవాళ్ళేరి?" అన్నాడాయన.

నేను ఆయన్ని బడి వెనక్కి తీసుకెళ్ళాను. అరుగు మీద నేర్చుకున్నదంతా బయటికి తీశాను. పోస్టు సంగతి చెప్పాను, ఆడపిల్లల సంగతి చెప్పాను, ఊరంతా అయిందని రాసుకుంటే ఆయనకి మళ్ళీ కాలవ గట్టు నడక తప్పుతుందని కూడా చెప్పాను. ఆఖరిదే ఆయనకి నచ్చింది.

"నాకేంటండీ, టిక్కు పెడతాను. మందు ఇసుకలో పోస్తాను. మేష్టార్ని సంతకం పెట్టమనండి, చాలు."

రెండు వైపులా లెక్క కుదిరింది. ఇద్దరికీ లాభం, ఎవరికీ నష్టం లేదు. నా జన్మలో అంత నున్నటి బేరం అంతకుముందు చెయ్యలేదు.

హెడ్మాష్టరుగారు జాబితా తీసుకుని కలం పట్టుకున్నారు.

"ఆ పడవలు ఈ వారంలోనో, పై వారంలోనో తిరిగొస్తాయండి" అన్నారు. "వచ్చాక వీరు ఈ కాగితం చూసి, వీళ్ళకి అయిపోయింది, పక్కకి జరగమంటారు. అప్పుడు నేనేమనాలి?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం మేష్టారూ."

"అప్పుడు ఏం చూస్తామో చెప్పండి బాబూ. చెబితే సంతకం పెడతాను."

జవాబు లేనప్పుడు ధర మార్చడం నాకలవాటు. పంతొమ్మిది మంది ఆడపిల్లలన్నాను. ఆవిడ పోతే వాళ్ళు తట్టలెత్తుకుంటారన్నాను. ఇంత దూరం వచ్చాక మునిగేది మీరే అన్నాను. ఆయన నన్ను వదిలేసి పంతులమ్మగారి వైపు తిరిగి, అమ్మా, ఇది నీ పోస్టుకి సంబంధించిన మాట, నువ్వే చెప్పు, అన్నారు. పేర్లు రాసిన సంగతి ఆవిడకి మొదట్నుంచీ తెలుసట. నాకే తెలియదు.

ఆవిడ చేతిలో స్పిరిట్ దూది ఇంకా ఉంది. "వాళ్ళలో నలుగురు పోయినేడు నెలరోజులు నా దగ్గర కూర్చున్నారండి. మొహాలు తెలుసు నాకు. కొట్టేయండి."

తర్వాత నా వైపు చూసి, మీరు మా కోసం చేసిన సాయం ఇంక చాలండీ అన్నారు. మర్యాదగానే అన్నారు.

ఆయన ఎర్రసిరా అడిగారు. ఆ గదిలో ఎర్రసిరా ఉన్నది, నడుమ నడుమ గైర్హాజరు వెయ్యడానికి నేను తెచ్చిన మూడో కలంలోనే. ఇచ్చాను. ఒక్కో పేరు మీదా గీత గీసి, ఎదురుగా 'ఊళ్ళో లేరు, సూది కాలేదు' అని పద్దెనిమిది సార్లు రాసి, కింద సంతకం పెట్టారు. హెల్త్ ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు గాని, మందు పారబొయ్యలేదు. తడి ఇసుక పోసిన కుండలో సీసాలు పెట్టించి, పడవలు వస్తే కబురు పెట్టమని వెళ్ళాడు. నాకూ సూది పొడిచి, చీటీ ఇచ్చి మరీ వెళ్ళాడు. ఇంకో వారం ఆ గదిలోనే ఉన్నాను. హెడ్మాష్టరుగారు నాతో ముభావంగా లేరు. అన్నం పెట్టారు, కంచం కడుక్కోనివ్వలేదు. అదే కష్టంగా ఉండేది.

పడవలు నేను తెనాలి చేరాక వచ్చాయి. రేవులోనే పద్దెనిమిది మందికీ సూదులు వేశారని విన్నాను. వాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సూది వల్లే కాలేదని నేను చెప్పలేను, అది అంత గట్టి మందు కాదని తర్వాత్తర్వాత డాక్టర్లే అన్నారు.

ఇక లెక్క. ఎర్రసిరా కాగితం హెల్త్ వాళ్ళ దగ్గర్నుంచి మా ఆఫీసుకి వచ్చింది. రెండో పోస్టు పోయింది. పంతులమ్మగారు బాపట్ల వెళ్ళిపోయారు. ఏడాది తిరిగేసరికి బళ్ళో మిగిలిన ఆడపిల్లలు ఐదుగురు. లేని పిల్లల్ని రాసినందుకు హెడ్మాష్టరుగారికి ఇంక్రిమెంటు ఆపారు. ఆయన రిటైరయ్యేదాకా ఆ కోత జీతంలో అలాగే ఉంది. విచారణలో ఎవరు రాయమన్నారని అడిగితే, నేనే రాసుకున్నానండి అన్నారు. ఆ గదిలో కాగితాలు అందిస్తూ నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు. డెబ్బయ్యో దశకం మొదట్లో నాకు ప్రమోషనిచ్చి బాపట్ల వేశారు. అక్కడ ఉన్న మూడేళ్ళలో పంతులమ్మగారి ఇల్లెక్కడో ఎవర్నీ అడగలేదు.

నాకు పోయింది భుజం మీద రెండు రోజుల నొప్పి. ఆ పల్లెలో చిక్కుకున్న రోజులన్నిటికీ ఆఫీసు నాకు డ్యూటీ కింద జీతమూ, బత్తా ఇచ్చింది. బిల్లు నేనే రాశాను, సంతకం పెట్టి తీసుకున్నాను.