తువ్వాలు కింద ఇచ్చిన మాట

మా మేనమామ పోయిన నెల ఏకాదశి పొద్దున ఆదోనిలో, తన ఇంట్లోనే కన్నుమూశాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని కబురు తెలిసి, ఎమ్మిగనూరు నుంచి వచ్చి ఆ ఆఖరి రోజులు ఆయన దగ్గరే ఉన్నాను. అక్కచెల్లెళ్లలో, తమ్ముళ్లలో పెద్దదాన్ని నేను. నాకు యాభై దాటినా ‘పాపా’ అనే పిలిచేవాడు. ఆ పిలుపు ఆయనకంటే ముందే పోయింది.

మామ పత్తి దలాలి. మా వైపు పత్తి బేరం నోటితో జరగదు. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. అరచేయి నొక్కితే ఒప్పుకున్నట్టు. చుట్టూ ఎందరు నిలబడినా ఎవరికీ తెలియదు. ఆ తువ్వాలు మామ భుజం దిగేది కాదు. అంగీ జేబులో ఎప్పుడూ జొన్నరొట్టె ముక్క ఉండేది, దారిలో కుక్కలకు. సాయంత్రం వాకిట్లో నిలబడి తలకంటిన దూది దులుపుకుని, కాళ్లు కడుక్కునే లోపలికి వచ్చేవాడు.

ఆయన వీధి చివర ఒక షావుకారు గోడౌను ఉంది. కావలికి ఒక కుక్క. రోషం రావాలని కూనగా ఉన్నప్పుడే దాని చెవులు కోశారు. ఒక్క పూటే ఇంత సంగటి, అందులో నూరిన పచ్చిమిరపకాయ. షావుకారు చెడ్డవాడని నేననను. వాళ్ల నాయన అట్లాగే పెంచాడు, ఊళ్లో అందరూ అట్లాగే పెంచారు. కడుపు నిండిన కుక్క కావలి కాయదని వాళ్ల నమ్మకం. ఆ కుక్క స్తంభం చుట్టూ తిరిగి తిరిగి, గొలుసు మొత్తం చుట్టుకుపోయి, మెడ స్తంభానికి ఆనేది. విప్పేవాళ్లు లేరు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం నేను మామ ఇంట్లో ఉన్నాను. ఒకరోజు నవ్వుతూ వచ్చాడు. షావుకారుతో పత్తి బేరం ముగిసినా చేయి వదల్లేదట. తువ్వాలు కింద అట్లాగే పట్టుకుని, చెవిలో కుక్క సంగతి అడిగాడట. గొలుసు పొడుగు చేయాలి, పక్కన నీళ్లు పెట్టాలి, అంతే.

“ఒప్పుకున్యాడు పాపా. అరచెయ్యి నొక్కినాడు.”

దలాలీలో అంతకు మించిన ప్రమాణం లేదు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

గొలుసు మారలేదు. నీళ్లూ రాలేదు. కొన్నాళ్లు చూసి, మార్కెట్ యార్డులో నలుగురి ముందూ అడిగాడు. జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ఉన్న మా తమ్ముడు చూసి వచ్చి చెప్పాడు.

“నేను యాడ ఒప్పుకుంటినప్పా? ఎవురు సూసినారు?” అన్నాడట షావుకారు.

ఎవరూ చూడలేదు. చూడకూడదనే కదా ఆ తువ్వాలు.

అప్పుడు మామ తువ్వాలు మడిచి చంకన పెట్టుకుని, అందరికీ వినబడేట్టు చెప్పాడట. బతుకంతా వేళ్లతో మాట్లాడిన మనిషి. “దానికి నాలుక ఎండిపోతాంది. అది సెప్పుకోలేదు, నేను సెప్తాండా. నీళ్లు పెట్టన్నా” అన్నాడట. యార్డంతా నవ్వింది. “కుక్కల దలాలి వచ్చినాడప్పా, కూన ఎంతకిస్తాడో అడగండి” అని ఎవరో అందుకున్నారు. ఆ పేరే నిలిచిపోయింది. ఆయన తువ్వాలు కిందకు చేయి చాపేవాళ్లు తగ్గిపోయారు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆయనా నేనూ గుడి నుంచి వస్తూ ఆ గేటు దగ్గర ఆగాము. తాళం వేసి ఉంది. కుక్క పడిపోయి ఉంది. డొక్కలు మాత్రం ఎగసిపడుతున్నాయి. మామ ఎదురింటి తొట్టిలో తువ్వాలు ముంచి, చువ్వల సందులోంచి విసిరాడు. దాని మూతి దగ్గర పడింది. ఆ తడిగుడ్డను అది నాకింది, పీల్చింది.

“నోరు లేనిదానికి మన నోరు అప్పియ్యాల పాపా” అన్నాడు.

మర్నాడు కుక్క చచ్చిపోయింది. తువ్వాలు ఎండి అట్టకట్టి అక్కడే ఉంది. మామ దాన్ని తెచ్చుకోలేదు. “గుడ్డ కింద అడిగి తప్పు చేసినా. మొదుట్లోనే నలుగురిలో అడగాల్సింది” అన్నాడు. చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. నేను లోపలికి పోయి దీపం పెట్టాను.

ఆ తర్వాత కొత్త తువ్వాలు కొన్నాడు, బతకాలి కదా. కానీ మూగజీవాల సంగతి ఇక ఎక్కడా దాచి మాట్లాడలేదు. ఎమ్మిగనూరులో మా తోడికోడలి ఇంట్లో చిలక పంజరం పడమటి ఎండలో వేలాడుతుంటే, విస్తరి ముందు నుంచి లేచి నిలబడి చెప్పాడు. ఆమె వెంటనే నీడకు మార్చింది. ఆయన బస్సెక్కగానే అది మళ్లీ ఎండలోకే వచ్చింది. నేను చూశాను. ఆయనకు చెప్పలేదు.

“ఇట్లయితే మనల్ని ఎవురూ పెండ్లికి పిలవరు మామా” అని తమ్ముడు ఎగతాళి చేసేవాడు.

“పిలవకుంటే మానె. పిలిస్తే మాత్రం సెప్తా” అనేవాడు మామ.

మంచాన పడ్డాక ఆయనకు వీధి చివరి గోడౌనులో ఇప్పుడున్న కావలి కుక్క అరుపు వినిపించేది. ఒక పగటిపూట, బాగున్న చేత్తో దుప్పటి కింద నా చేయి వెతికి పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే నొక్కాడు. ఆ లెక్క నాకు రాదు. ఆడవాళ్లకు ఎవరు నేర్పుతారు?

“కుక్క సంగతేనా మామా?” అన్నాను. కళ్లు మూసి తెరిచాడు. “నేను సెప్తాలే” అని అరచేయి నొక్కాను.

ఆయనకు అది చాలలేదు. నా చేయి వదలకుండానే, మోచేత్తో దుప్పటి పక్కకు తోశాడు. అత్తా తమ్ముడూ చూస్తుండగా, పట్టుకున్న మా చేతులు బయటపడ్డాయి. అప్పుడు ఊరుకున్నాడు.

ఆ గోడౌను ఇప్పుడు షావుకారు కొడుకుది. కర్మలు ముగిశాక వెళ్లి, కుక్కకు గొలుసు పొడుగు చేయమని, నీళ్లు పెట్టమని అడిగాను. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. “అట్లే కానీ అమ్మా” అన్నాడు. ఏమీ కాలేదు. దేవుడి ముందు తప్ప ఎక్కడా గొంతెత్తని దాన్ని. అయినా రోజూ పూజ కాగానే ఆ గేటు దగ్గర నిలబడి, వీధికి వినబడేట్టు అదే మాట చెబుతున్నాను. ఎదురింటివాళ్లు తలుపు ఓరగా వేసుకుంటారు.

రేపు ఎమ్మిగనూరు బస్సెక్కాలి. ఈ పొద్దున గేటు కింద నుంచి నీళ్లగిన్నె చేయి సాగినంత దూరం తోశాను. కుక్క లేచి వచ్చి, మూరెడు అవతల గొలుసు లాగి పట్టగా ఆగిపోయింది. నా భుజం మీద మామ తువ్వాలు ఉంది. గిన్నె వెనక్కి లాగి, అందులో ముంచి విసిరాను. అది ముందుకాళ్లతో గుడ్డను అదిమిపట్టి పీలుస్తోంది. ఎండ అప్పుడే ఎక్కింది. కుక్క మూతి ఉన్నచోట తప్ప, తువ్వాలు అంచుల నుంచి ఆరిపోతూ వస్తోంది.