ఇది మా ప్లాంటు కంపు కాదు

ఫిట్టరు స్నానాలగది మూలలో మోకాళ్ళ మీద వంగి, నేలలోని జాలీ ఊడదీసి, కింది గుంతలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తడుముతున్నాడు. కొనబోయే ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు గోడలు తట్టి చూస్తారు, తలుపులు తీసి వేసి చూస్తారు. ఇతను వచ్చీ రాగానే కాలువలో చెయ్యి పెట్టాడు.

గడప అవతల అతని భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె పక్కన ఆమె తమ్ముడు రుమాలుతో ముక్కు మూసుకున్నాడు. నోరు మూసుకోవడం మాత్రం అతనికి పుట్టుకతో అలవాటు లేదు.

"ఇల్లు చూడమంటే కాలువ చూస్తావేంటి బావా?"

"ఇల్లంటే కాలువేరా. మిగతాదంతా దాని మీద మూత."

"ముచ్చటగా మూడోసారి వచ్చాం," అంది భార్య. "ఇదే ఆఖరు. ఈ కంపు పోతే సోమవారం వచ్చి సంతకం పెడతాను. పోలేదా, మన రెండు అద్దె గదులే మనకి మేడలు. మీరొక్కరే వచ్చి ఇక్కడ కాపురం చేసుకోండి."

ఆమె బెదిరింపు కోసం మాట్లాడే మనిషి కాదని ఫిట్టరుకి తెలుసు.

ఇంటి వెనక ప్రహరీ, ప్రహరీ అవతల ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు. ఫిట్టరు అక్కడే ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. మొదట జల్లెడ దగ్గర చిక్కుకున్న గుడ్డపేలికలు లాగి పారేసే రోజుకూలీగా చేరాడు. పంపు విప్పుతుంటే పక్కన నిలబడి చూశాడు. తర్వాత తనే విప్పాడు, విప్పినదాన్ని మళ్ళీ బిగించాడు, ఒక్క నట్టూ మిగల్లేదు. ఆ రోజు నుంచి ఫిట్టరయ్యాడు. ఇంజనీర్లు మీటరు ముల్లు చూసి చెప్పే సంగతి అతను పంపు మీద అరచెయ్యి ఆనించి చెబుతాడు. మధ్యాహ్నం గాలి బుడగల తొట్టి గట్టు మీదే కూర్చుని క్యారియరు విప్పుకుంటాడు.

భార్య మాత్రం చుట్టాలందరితో "మా ఆయన నీటి శాఖలో" అని చెప్పుకుంటూ వచ్చింది. అబద్ధం కాదు. ఏ నీళ్ళో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ శాఖ గోడ పక్కనే ఇల్లు కొంటే, వచ్చిన చుట్టం ప్రతివాడూ వాసన పట్టేస్తాడని ఆమె బెంగ.

ఆ వీధిలో ఇళ్ళు చవక. ఫిట్టరు కొనగలిగినది ఈ ఒక్క వీధిలోనే. అందులోనూ ఈ ఇంటికి నాలుగు వైపులా వెలుతురు, గట్టి గోడలు, లోతైన నీళ్ళ తొట్టి. ఉన్నదల్లా కంపు ఒక్కటే.

ఇంటాయన సామాన్యుడు కాడు. ఆ వీధి దుర్గంధ నిరోధక సంఘానికి ఎనిమిదేళ్ళుగా అధ్యక్షుడు. ముందుగదిలో బీరువా నిండా ప్లాంటు మీద రాసిన అర్జీలే. సంఘానికి ఒక బ్యాడ్జీ ఉంది, ఒక ఊరేగింపు ఉంది, ఏటా ఒక సర్వసభ్య సమావేశం ఉంది. లేనిదల్లా సంఘంలో ఒక్కసారైనా జాలీ ఎత్తి చూసిన మనిషి. ఈ ఇల్లు అమ్మేసి నాలుగు వీధుల అవతలికి వెళ్ళిపోయి, పోరాటాన్ని అక్కణ్ణుంచి నడిపిస్తానని ఆయన ప్రకటించాడు.

"చూడండి, ఎలా వస్తోందో మీ ప్లాంటు కంపు!" అన్నాడు అధ్యక్షుడు వరండాలోంచే.

ఫిట్టరు చెయ్యి బయటికి తీసి, వేళ్ళు వాసన చూసుకున్నాడు. బావమరిది ముఖం తిప్పుకున్నాడు.

"ఇది మా ప్లాంటు కంపు కాదండీ."

"కాకిపిల్ల కాకికి ముద్దు!" అన్నాడు బావమరిది.

"ముద్దు కాదురా, తెలుసు. మా దగ్గర పొద్దున సబ్బు నీళ్ళ వాసనొస్తుంది. గాలి కొట్టే తొట్టి దగ్గర తడిమట్టి వాసన. ఇది కుళ్ళిన గుడ్డు. నిలవ ఉన్న కాలువ గాలి. ఇది ఈ ఇంట్లోదే."

అధ్యక్షుడికి కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళుగా పరాయి కంపుతో పోరాడుతున్న మనిషికి, అది నీ సొంతమేనంటే రాదూ మరి!

ఫిట్టరు తడి లేని వేళ్ళు చూపించాడు. జాలీ కింద గిన్నెలాంటి ట్రాపు ఉంటుంది. అందులో ఎప్పుడూ నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు నిలవాలి. కాలువ గాలి ఇంట్లోకి రాకుండా ఆపే తలుపు ఆ నీళ్ళే. ఈ గిన్నె ఒట్టిగా ఉంది.

"రోజూ నాలుగు బకెట్లు పోస్తాం!" అన్నాడు అధ్యక్షుడు.

ఫిట్టరు బకెట్టు నీళ్ళు పోశాడు. గిన్నె నిండింది. "ఒరేయ్, పక్కనున్న మరుగుదొడ్లో ఫ్లష్షు లాగు," అన్నాడు.

బావమరిది లాగాడు. అటు నీళ్ళు దూకగానే ఇటు గిన్నెలో నీళ్ళు ఎవరో గొట్టం వేసి పీల్చినట్టు గుటుక్కుమని మాయమయ్యాయి. వెనకే గుప్పుమని వాసన. భార్య రెండడుగులు వెనక్కి వేసింది.

"మురుగు గొట్టం గాలి కోసం కొట్టుకుంటోంది," అన్నాడు ఫిట్టరు. "గాలి గొట్టం ఎక్కడుందండీ?"

"ఉండేది. సంఘం మూయించింది," అన్నాడు అధ్యక్షుడు గర్వంగా.

ఫిట్టరు సంచీ తీసుకుని డాబా ఎక్కాడు. వెనకే బావమరిది. పిట్టగోడ పక్కన నిలబడ్డ గొట్టం నెత్తిన సిమెంటు ముద్ద ఉంది. దాని మీద మేకుతో గీసిన తేదీ, "సంఘ తీర్మానం" అన్న అక్షరాలు. కంపు ప్లాంటు నుంచి గాలిలో ఎగిరొచ్చి గొట్టాల్లోంచి ఇళ్ళల్లోకి దిగుతోందని ఐదేళ్ళ కిందట సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ఒక్క ఆదివారంలో వీధి మొత్తం గొట్టాలకి తలపాగాలు చుట్టించింది. అప్పటిదాకా గాలికి వచ్చే తడిమట్టి వాసన కాస్తా ఆ తర్వాత ఇళ్ళల్లో కుళ్ళిన గుడ్డు కంపయితే, ప్లాంటువాళ్ళు కక్ష కట్టారని ఇంకో అర్జీ రాసింది.

ఫిట్టరు వీధి చివరి దాకా చూశాడు. ప్రతి డాబా మీదా ఒక తలపాగా. ఇన్ని ఇళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి. ప్లాంటు వైపు నుంచి గాలి వీచింది. తడిమట్టి వాసన.

బావమరిదికి చదువు అంతంతే గానీ లెక్క చురుకు. అతను గొంతు తగ్గించాడు. "బావా, నోరు మెదపకు. కంపు పోతే ఆయన ఇల్లెందుకు అమ్ముతాడు? అమ్మినా ఈ ధరకి ఇస్తాడా? ముందు సంతకాలు కానీ. తర్వాత నీ సుత్తి, నీ గొట్టం. అక్కకి నే నచ్చచెబుతా."

ఫిట్టరు డాబా మీదున్న నీళ్ళ తొట్టి గట్టున కూర్చున్నాడు. బావమరిది చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అది తప్పు కావడం తప్ప. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొట్టం తెరిస్తే ఇల్లు పోతుంది, తెరవకపోతే నోరు నొక్కుకోవాలి. ఇరవై రెండేళ్ళలో ఇల్లు అన్న మాట అందుబాటులోకి వచ్చింది ఇప్పుడే. ఇంకోసారి రాదు.

పిట్టగోడ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. మంచి గోడ.

"తెలిసిన లోపం చెప్పకుండా నేనెప్పుడూ ఏ పంపూ అప్పగించలేదురా," అన్నాడు చివరికి. "ఈ ముసలాయన ఐదేళ్ళుగా కాలువ గాలి పీలుస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఇంకో వారం పీల్చమననా?"

"నీతో ఇదే బావా! పండు నోటిదాకా వస్తే తొక్క గురించి ఆలోచిస్తావు."

"అయ్యా, ఒక్కసారి పైకి రండి!" అని ఫిట్టరు కేకేశాడు.

అధ్యక్షుడు ఆయాసపడుతూ ఎక్కాడు. ఫిట్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెట్టి వంచితే బుడుంగు బుడుంగుమంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పెడితే ధారగా వస్తుంది. మీ ఇంటికి రెండో చిల్లు ఇదే. దీన్ని మూశారు. అందుకే మురుగు గొట్టం ట్రాపులో నీళ్ళు తాగేస్తోంది. తెరిస్తే కంపు పోతుంది. అప్పుడు ఇల్లు అమ్మాలో వద్దో మీ ఇష్టం."

"అది ఏకగ్రీవ తీర్మానమండీ!"

"గాలి మీ సంఘంలో సభ్యురాలు కాదు కదండీ."

"కొట్టండి మరి! మీ మాట అబద్ధమని ఇక్కడే తేలిపోతుంది."

ఫిట్టరు ఉలి ఆనించి, గొట్టం పగలకుండా చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేశాడు. తొందరపడలేదు. ముక్కలు లోపలికి రాలకుండా ఎడమచేత్తో పట్టుకున్నాడు. ముద్ద ఊడగానే ఐదేళ్ళ నిట్టూర్పు ఒక్కసారి బయటికి వచ్చింది. అధ్యక్షుడు, బావమరిది ఒకరినొకరు తోసుకుంటూ డాబా రెండో చివరికి పరిగెత్తారు. ఫిట్టరు గొట్టం అంచు సాపు చేసి, సంచీలోంచి జల్లెడ టోపీ తీసి పైన బిగించాడు. పక్షి దూరదు, గాలి ఆగదు.

కిందికి వచ్చి కిటికీలన్నీ తెరిపించాడు. ట్రాపు మళ్ళీ నింపాడు. ఈసారి ఫ్లష్షు అధ్యక్షుడే లాగాడు. గిన్నెలో నీళ్ళు వణికాయి, నిలబడ్డాయి. ఇంకోసారి లాగాడు. మూడోసారి కసిగా లాగాడు. నీళ్ళు చెక్కు చెదరలేదు.

అరగంట గడిచింది. భార్య కొంగు మెల్లగా దించింది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ముక్కుతో నడిచినట్టు నడిచింది.

"పోయిందండీ," అంది.

అధ్యక్షుడు మూల మూలా వాసన చూశాడు. ముఖంలో రంగు మారింది. చూపు అర్జీల బీరువా మీదికి పోయింది. వచ్చే వారమే సర్వసభ్య సమావేశం. కంపు లేని దుర్గంధ నిరోధక సంఘానికి అధ్యక్షుడెందుకు?

"అలాగే ఉంది," అన్నాడాయన గంభీరంగా.

"ఏదండీ?" అంది భార్య.

"కంపు. మీ ముక్కులు అలవాటు పడిపోయాయి. నాకు ఘాటుగా తగులుతోంది."

ఫిట్టరుకి మనసు ఒప్పలేదు. "అయ్యా, నిజంగానే లేదు. తొందరపడకండి. మంచి ఇల్లు, మీరే ఉంచుకోవచ్చు. ధర సంగతైనా మళ్ళీ ఆలోచించుకోండి."

బావమరిది రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"నేను అమ్మనంటే కంపు లేదని ఒప్పుకున్నట్టు కాదూ? ధర పెంచితే వీధిలో ఏమనుకుంటారు?" అధ్యక్షుడు గర్జించాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "అన్న ధరే. సోమవారం రిజిస్ట్రేషన్. ఈ నరకంలో ఇంకో నెల ఉండమంటారా నన్ను?" ఆ నరకంలో ఆయన ఐదేళ్ళలో మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చి మరీ అన్నాడా మాట.

ఫిట్టరు మళ్ళీ స్నానాలగదిలోకి వెళ్ళాడు. జాలీ రుద్ది కడిగాడు. దాని గాడిలో కూర్చోబెట్టి, అంచు కదులుతోందేమో బొటనవేలితో నొక్కి చూశాడు. రాలిన సిమెంటు ముక్కలు డాబా మీంచి ఏరి తెచ్చి ఒక సంచీలో కట్టాడు. నేల తుడిచాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, పక్కకి తప్పుకున్నాడు.

"ఇదిగో. చూసి తీసుకో," అన్నాడు భార్యతో.

ఆమె చెంబుతో తనే నీళ్ళు పోసింది. మోకాళ్ళ మీద వంగి, జాలీకి జానెడు దూరంలో ముక్కు పెట్టి, నిదానంగా ఊపిరి పీల్చింది. లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుని తల ఊపింది.