తలుపు లేని గది

మా పోచంపల్లి ఇంట్లో ఆదివారం మగ్గం ఆగిందంటే ఇక గోలే గోల. నాలుగేళ్ల కింద హైదరాబాద్ హాస్టల్లో నేర్చుకున్న ఆటను ఇంటికి తెచ్చింది నేనే. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలో పాత్ర అయిపోయి పాచికలు వేస్తారు. కథ నడిపేది మా నాయన ఐలేశం. చీరల డిజైన్లు గీసే గళ్ల కాగితం మీదే కోటలు గీస్తాడు. మా అమ్మ కోమల మాత్రం "ముసలోళ్లకు పోరగాండ్ల ఆటలు" అని సణుగుతూ, రంగు అంటకుండా తెల్లగా మిగలాల్సిన చోటల్లా నూలుకు ముడులు కట్టుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆమెను రమ్మని మేమూ ఎన్నడూ అడగలేదు.

పక్కింటి పీర్ మహమ్మద్ కాక పాత్ర వాళ్లమ్మ హుస్సేన్ బీ. ఆమె పోయి రెండేళ్లు. ఆ నడక, ఆ తిట్లు, ఆ తెగువ అచ్చంగా దించేస్తాడు. ఆదివారం వస్తే చాలు, ఆమె మా మధ్య కూర్చున్నట్టే ఉంటుంది.

అలాంటి హుస్సేన్ బీ, కోటలో నేల కుంగి ఒక గదిలో పడింది. మూడు వారాలుగా కాక తడమని గోడ లేదు. ఈ ఆదివారం దారి దొరక్కపోతే గది నీళ్లతో నిండిపోతుంది, ఆమె ఆట ముగుస్తుంది. కాక ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు గానీ నాయన అసలు సంగతి ఒప్పుకోలేదు. ఆ గదికి తలుపు గీయడమే మరిచాడట! గీసింది మార్చొద్దని రూలు పెట్టిందీ ఆయనే. పైగా ఆ కాగితం వారం నుంచి కనబడటం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో మగ్గం దగ్గర్నుంచి అమ్మ పిలిచింది. "గీ కొత్త డిజైన్ గమ్మతుగున్నది, జర చూడుండ్రి!"

పొద్దున ఆమె నేసిన జానెడు బట్ట మీద, ఎర్ర రంగులో తెల్లటి గోడలతో మా కోట! కాగితం డిజైన్లలో కలిసిపోతే, చీర కోసమే అనుకుని ముడులు కట్టేసింది. కాక వంగి చూసి కేక పెట్టాడు. తలుపు లేని గది గోడలో ఎర్రటి సందు ఉంది.

"అన్ని డబ్బలకు సందున్నది, గా ఒక్కదానికే లేకుండె," అంది అమ్మ. "మరిచినవనుకొని రెండు గళ్లు కట్టకుండ ఇడిసిన."

"కాగితంల లేదు. చెల్లదు," అన్నాడు నాయన.

అమ్మకు చుర్రుమంది. "ముప్పై ఏండ్ల సంది నువ్వు మరిచిన గళ్లన్నీ నేనే సరిచేస్తున్న. ఏ చీరకన్న చెల్లదన్నవా?"

నాయన పాచికలు కాక వైపు తోశాడు. కాక నడుం మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం వాళ్లమ్మలా లేచాడు.

"ఐలేశం, జర పక్కకు జరుగు. నా బిడ్డ కోమల తలుపు తీసింది, నేను పోతున్న!"

మేమంతా ఎగిరి గంతేశాం. అమ్మ మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వచ్చి, నన్ను పక్కకు నెట్టి, ఆట ముందు కూర్చుంది.