గేటు ముందు బండ

పుప్పాలగూడలో మా అపార్టుమెంట్ల వెనకున్న స్మృతివనాన్ని బాగుచేసి మళ్లీ తెరిచిన రోజే మా అక్క తిథి పడింది. నేను వెళ్లింది ప్రారంభోత్సవానికి కాదు, అక్కకు పెట్టడానికి. సంచిలో అన్నం, పప్పు, ఆమెకిష్టమైన గోరుచిక్కుడు వేపుడు, ఒక విస్తరాకు ఉన్నాయి.

ఆ స్థలం ఊరివాళ్లది. పోయినవాళ్ల పేరున అక్కడ చెట్టు పెట్టుకునేవారు. టవర్లు వచ్చాక మాలాంటి బయటివాళ్లం కూడా మొక్కలు నాటాం. తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. చుట్టుపక్కల కట్టడాల మట్టి, విరిగిన టైల్స్ తెచ్చి అందులోనే పోశారు. అక్క చనిపోయిన ఏడాది నేను నాటిన కానుగ మొక్క ఆ మట్టి కిందే పోయింది. ఒక మూలనున్న బల్లపరుపు బండ మాత్రం మిగిలింది. ఊరివాళ్లు తమవాళ్లకు దాని మీద అన్నం పెట్టి, పిట్ట ముట్టేదాకా పక్కన నిలబడతారు. ఆ బండను నాకు చూపించింది పాత ఊళ్లో ఉండే ఒక ముసలామె. తన పెనిమిటికి పెట్టడానికి వచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్న నన్ను పిలిచింది. మా టెర్రస్ మీద పావురాల బెడదని అన్నం పెట్టనివ్వరు. కర్నూలు నుంచి వచ్చిన నాకు ఈ ఊళ్లో ఇంకో చోటు తెలియదు.

ఇప్పుడు లోపల నడకదారి, గ్రానైట్ బెంచీలు, పేర్లు చెక్కిన గోడ ఉన్నాయి. గోడ మీద అక్క పేరు చదివాను. ఏమీ అనిపించలేదు. మూలకు వెళ్తే బండ లేదు, కొత్తగా పరిచిన గడ్డి ఉంది. కమిటీ పెద్దాయన్ని అడిగాను. నెలల తరబడి ఎండలో నిలబడి పని చేయించిన మనిషి, మంచివాడు. శుభ్రంగా ఉంటుందని పాత రాళ్లన్నీ అక్కణ్ణుంచి తీయించామని చెప్పాడు. ఎక్కడ పడేశారని అడిగే ఓపిక లేదు.

ముసలామె కూడా వచ్చింది. నా ముఖం చూసి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్లింది. బండ అక్కడుంది. గేటుకు బయట మెట్టుగా వేశారు; వచ్చేటప్పుడు జనం కాళ్ల మధ్య నేను చూసుకోలేదు. అతిథులు బూట్లతో దాని మీదే ఎక్కి లోపలికి వస్తున్నారు. రిబ్బను కత్తిరించినాయన దాని మీదే నిలబడి ఫొటో దిగాడు.

"అగో, గదే," అంది ఆమె. "గీళ్లకు బండ కనవడితే మెట్టే యాదికొస్తది."

నేను గడ్డి మీద పెడతానన్నాను. గార్డు వచ్చి కొత్త బోర్డు చూపించాడు. పార్కు లోపల పక్షులకు తిండి పెట్టకూడదట.

ముసలామె అతన్ని పిలిచి బండ చూపించింది. "గిది లోపలనా, బయటనా?"

అతను గేటు వైపు ఒకసారి, బండ వైపు ఒకసారి చూశాడు. "బయటనే అవ్వా."

"మరింకేంది. జర జరుగు."

అతను నవ్వుకుంటూ జరిగాడు.

జనం టిఫిన్ల వైపు వెళ్లేదాకా ఆగాం. ఆమె నా సీసాలో నీళ్లతో బండ మీది బూటు మట్టి కడిగింది. నేను విస్తరి వేసి వడ్డించాను. ఇద్దరం గోడవార నిలబడ్డాం. కాకి రాలేదు. ఈమధ్య మా వైపు కాకి అరుపు విన్న గుర్తు కూడా లేదు.

"ఆమెకేం రంది ఉండెనో గది చెప్పు బిడ్డా," అంది ముసలామె. "మాటిస్తెనే పిట్ట ముడతది."

అక్కకు దేని మీద దిగులో నాకు తెలుసు. దవాఖానలో చివరి రోజుల్లో, నేను వెళ్లిన ప్రతిసారీ ఆమె అడిగింది ఒక్కటే: తిన్నావా? మేమిద్దరమే ఉన్న ఇంట్లో వంట ఆమెది. ఆమె పోయాక పొయ్యి వెలిగించి నిండుగా వండుతున్నది తిథి రోజునే. మిగతా రోజులు బ్రెడ్డో, పెరుగన్నమో, ఆఫీసు మెషీన్ కాఫీయో. పోయినవాళ్లకు మాట ఇస్తే తప్పడానికి లేదు. రోజూ లేచి కూర తరగడం, ఒక్క కంచం పెట్టుకుని కూర్చోవడం తలుచుకుంటేనే అలసట వచ్చింది. ఈ మాట ఇవ్వకుండానే ఇంటికి పోదామా అనిపించింది.

విస్తరిలో అన్నం ఆరిపోతోంది.

"తింటాలే అక్కా," అన్నాను.

కాసేపటికి గోడ మీది నుంచి ఒక పావురం దిగింది. విస్తరి చుట్టూ తిరిగి మెతుకులు పొడిచింది. నేను ముసలామె వైపు చూశాను. పావురం ముట్టినా లెక్కేనా అని అడిగాను.

"పిట్టనే గద. గీ ఊర్ల దొరికేది గదే." కొంగుతో చేతులు తుడుచుకుంది. "మాటిచ్చినవ్ గద. ఇగ పో, ఇడ్లీలు సల్లారుతున్నయ్."

విస్తరిని తొక్కకుండా పక్కనున్న మట్టిలో అడుగేసి లోపలికి వెళ్లాను. ఎందుకో తెలియకపోయినా నా వెనకొచ్చినవాళ్లూ అలాగే వచ్చారు. వరుసలో నిలబడి ప్లేటు తీసుకున్నాను. చట్నీ అయిపోయింది. ఉత్త ఇడ్లీలు తిన్నాను.