ట్రేలక్క ఎం.ఏ.

మా ఆస్పత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి లిఫ్టు నడిపే ఆయన దాకా అందరికీ ట్రేలక్కే. ఆపరేషన్లకు వాడిన కత్తెరలు, పట్టకార్లు, క్లాంపులు అన్నీ కింది అంతస్తులో ఆమె గదికి వెళ్తాయి. అక్కడ కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ దీపం కింద పెట్టి చూసి, జాబితా ప్రకారం ట్రేలో పేర్చి, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి మళ్ళీ పైకి పంపుతారు. పైన థియేటర్లో ఆ ట్రే విప్పే నర్సును నేను. ఒకటి తక్కువైనా, కీలు దగ్గర మరక కనిపించినా ట్రే మొత్తాన్ని కిందికి తిప్పి పంపేదీ నేనే. అందుకే పదిహేనేళ్ళుగా మా ఇద్దరికీ స్నేహం ఎంతుందో పేచీ కూడా అంతే ఉంది.

పనిలో ఆమెకు సాటి లేరు. చుట్టేసిన ట్రేని రెండు చేతులతో ఎత్తి, "ఇందులో ఏదో తక్కువైంది" అనేది. విప్పి చూస్తే నిజంగానే తక్కువయ్యేది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే బాధ్యత కూడా ఆమెదే. రెండు రోజులు వాళ్ళను నిలబెట్టి నూట నలభై పనిముట్ల పేర్లు గడగడా చెప్పేది. మూడో రోజు తనే ఒక ట్రే పేర్చి చూపించేది. వాళ్ళు కళ్ళు నులుముకునేలోగా అది అయిపోయేది. "చూశారుగా, ఇక కానివ్వండి" అనేది. వచ్చినవాళ్ళకు వచ్చేది, రానివాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

ఆమెకు నలభై ఏడేళ్ళప్పుడు ఆస్పత్రిలో శిక్షణ అధికారి అని కొత్త పోస్టు పెట్టారు. ఇన్నాళ్ళూ ఆమె చేస్తున్న పనే. కాకపోతే దానికి పీజీ ఉండాలన్నారు, అదీ బోధనకు సంబంధించింది. విశ్వవిద్యాలయంలో శని, ఆదివారాలు మాత్రమే జరిగే రెండేళ్ళ కోర్సు ఒకటుంది. మనుషులు ఎలా నేర్చుకుంటారు, నేర్పేదాన్ని ఎలా తీర్చిదిద్దాలి అన్నదే అందులో చదువు. "ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నదాన్ని, నాకు వీళ్ళు చెప్పేదేంటి" అని గొణుక్కుంటూనే చేరింది.

వాళ్ళాయన కళ్ళద్దాల షాపులో అద్దాలు బిగిస్తాడు. మొదటి సెమిస్టర్ సగంలోనే, "నీ చదువు సంగతేమో గానీ, నీ కళ్ళజోడు నంబరు మాత్రం పై క్లాసుకెళ్ళింది" అన్నాడు. కూతురు అప్పటికి డిగ్రీ ఆఖరి సంవత్సరం. తల్లీకూతుళ్ళు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని చదివేవాళ్ళు. తల్లి టైప్ చేసింది కూతురు దిద్దేది. "అమ్మా, కామాలు ఉప్పు చల్లినట్టు చల్లకు" అనేది.

మొదటి క్లాసులోనే ఆమెకు చుక్కెదురైంది. పాఠం చెప్పే మేడం ఆమెకంటే పదేళ్ళు చిన్న. మీకు బాగా వచ్చిన పని ఒకటి పక్కవాళ్ళకు పది నిమిషాల్లో నేర్పమంది. ట్రేలక్క పక్కన అగ్నిమాపక దళంలో పనిచేసే ఆయన కూర్చున్నాడు. ఈమె తన తువ్వాలు, లంచ్ డబ్బా తీసి, ట్రేకి గుడ్డ ఎలా చుట్టాలో చూపించింది. ఆయన మూడుసార్లు చుట్టాడు, మూడుసార్లూ ఊడిపోయింది. ఈమెకు ఓపిక నశించి, "ఇటివ్వండి" అని లాక్కుని చుట్టేసింది.

మేడం వచ్చి అడిగింది. "చివరికి చుట్టిందెవరు?"

"నేనే."

"మరి ఆయనకు ఎక్కడ తప్పిపోతోందో అడిగారా?"

అడగలేదు. క్లాసులో అందరూ నవ్వారు. సోమవారం నాకు ఈ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆమె ముఖం ముడుచుకునే ఉంది.

రెండో సెమిస్టర్లో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. మీ దగ్గర నేర్చుకోలేక వెళ్ళిపోయిన ఒకరిని వెతికి పట్టుకుని మాట్లాడాలి. సలహాలు చెప్పకూడదు, మిమ్మల్ని మీరు సమర్థించుకోకూడదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకురావాలి.

ఎవరా అని ఆమె ఎక్కువ ఆలోచించలేదు. నాలుగేళ్ళ కిందట ఒకమ్మాయి చేరింది. పని మరీ మెల్లగా చేసేదని గదిలో వాళ్ళంతా ఆమెకు 'నిదానం' అని పేరు పెట్టారు. ప్రతి పనిముట్టునీ ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసేది. మిగతావాళ్ళు నాలుగు ట్రేలు పేర్చేలోగా ఆమెది ఒకటయ్యేది. ఆరు వారాలు చూసి ట్రేలక్క రిపోర్టులో 'నేర్చుకునే ఆసక్తి లేదు' అని రాసింది. ఆ పిల్లను తీసేశారు.

ఒక సెలవు రోజున ట్రేలక్క వాకబు చేసుకుంటూ వెళ్తే, నిదానం ఊరి చివర ఒక మొక్కల నర్సరీలో దొరికింది. పీట మీద కూర్చుని గులాబీలకు అంట్లు కడుతోంది. ఈమెను చూసి లేవలేదు.

"కూర్చోండక్కా. చేతులు ఖాళీ లేవు, చేస్తూనే మాట్లాడతా."

"చదువు కోసం వచ్చాను. నా దగ్గర నీకు పని ఎందుకు రాలేదో చెప్పు. నేను మధ్యలో అడ్డు రాను."

"మీరు మాట్లాడకుండా ఉండగలరా?"

"చూస్తాను."

నిదానం కొమ్మను ఏటవాలుగా కోసి, ఇంకో మొక్క మొదట్లో పెట్టి, టేపు చుట్టింది. ఆ తర్వాతే నోరు విప్పింది.

"నాకు పని రాలేదని ఎవరన్నారు? నేను పేర్చిన ట్రే ఒక్కటైనా పైనుంచి తిరిగొచ్చిందా? మీరే చూసుకోండి. నేను ఆలస్యం చేసిన మాట నిజమే. మీరు ట్రే పేరుస్తుంటే మీ చేతులు కనపడేవి. మీ కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో తెలిసేది కాదు. ఎక్కడ చూడాలో తెలియకే నేను మొత్తం చూసేదాన్ని. ఇక్కడ చూడు, ఇక్కడ చూడు అని చెప్పి ఉంటే అక్కడే చూసేదాన్నిగా."

ట్రేలక్క రాసుకుంటూ పోయింది.

"తర్వాత రెండు ఆస్పత్రులకు వెళ్ళాను. మీ రిపోర్టు అడిగారు, చూపించాను. ఆసక్తి లేనివాళ్ళు మాకెందుకన్నారు. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పని రాలేదని రాసినా ఊరుకునేదాన్ని."

అక్కడ ఏదో చెప్పబోయి ట్రేలక్క ఆగిపోయిందట. ఆ ఆగడం ఆ రెండేళ్ళ చదువులోకల్లా కష్టమైన పని అని నాతో అంది.

ఇప్పుడు నిదానం కింద ఇద్దరు పనివాళ్ళున్నారు. వాళ్ళకు అంటు కట్టడం ఎలా నేర్పావని ట్రేలక్క అడిగింది. నిదానం కాలితో ఒక బకెట్ ముందుకు తోసింది. నిండా ఎండిపోయిన అంట్లు. "ముందు వీటిని విప్పిస్తా. ఎందుకు చచ్చిపోయిందో వాళ్ళనే చెప్పమంటా. పక్కన బతికిందొకటి పెడతా. ఆ తర్వాతే కత్తి చేతికిస్తా."

మర్నాడు ట్రేలక్క డ్యూటీ దిగగానే పైకి వచ్చి, "నీ పాత రిజిస్టర్ తియ్యి" అంది. నాలుగేళ్ళ కిందటి పుస్తకం అటక మీద నుంచి దించాం. ఆ ఆరు వారాల్లో నిదానం పొడి సంతకంతో వచ్చిన ట్రేలు నలభై మూడు. తిప్పి పంపింది ఒక్కటీ లేదు. ట్రేలక్క పుస్తకం మూయకుండా అలాగే పేజీలు తిప్పుతూ కూర్చుంది. కాసేపటికి, "తిరిగొచ్చినవాటిలో నావి రెండున్నాయి" అంది.

కోర్సు ఆఖర్లో చేయాల్సిన ప్రాజెక్టుకు, కొత్తగా చేరిన నలుగురికి కొత్త రకంగా పని నేర్పుతానని రాసిచ్చింది. మొదటి ప్రయత్నం చీదేసింది. నర్సరీలో చూసిందే పట్టుకుని, ఆరు తప్పులతో ఒక ట్రే పేర్చి వాళ్ళ ముందు పెట్టి, తప్పులు పట్టమంది. సరైన ట్రే ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు తప్పు ఎలా పడతారు? వాళ్ళు రెండే పట్టుకున్నారు. పైగా మిగిలిన నాలుగూ సరైనవే అనుకుని మర్నాటి నుంచి అలాగే పేర్చడం మొదలుపెట్టారు. ఆ వారం నేను తొమ్మిది ట్రేలు తిప్పి పంపాను.

"బతికింది పక్కన పెట్టడం మర్చిపోయాను" అంది ట్రేలక్క. ఆ సంగతి కూడా ప్రాజెక్టులో దాచకుండా రాసింది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది తన కళ్ళు ఎక్కడ ఆగుతాయో తను తెలుసుకోవడానికే. వారం రోజులు నేను భోజనాల వేళ కిందికెళ్ళి ఆమె పక్కన నిలబడేదాన్ని. ఆమె ఒక క్లాంపు తీసి చూసి పెట్టగానే, "ఇప్పుడెక్కడ చూశావు?" అని అడిగేదాన్ని.

"ఏమో, చూశానంతే."

"అంతే అంటే ఎక్కడ?"

"నా ప్రాణం తియ్యకు" అనేది. కానీ మళ్ళీ తీసి మెల్లగా చూసేది. "కీలు. తర్వాత మొన, రెండు కొసలూ కలిశాయా లేదా అని. తర్వాత పళ్ళ మధ్య." అలా లెక్క తేలింది. మొత్తం తొమ్మిది చోట్లు. ఇరవై ఏళ్ళలో వాటి గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకే తెలియదు కనుక.

రెండోసారి ఒక సరైన ట్రే, ఒకే ఒక్క తేడా ఉన్న ట్రే పక్కపక్కన పెట్టింది. తేడా పట్టాక రెండు, తర్వాత మూడు. తను పేర్చి చూపించేటప్పుడు చేతులతోపాటు నోరు కూడా పనిచేసింది. "కీలు చూస్తున్నా, మొన చూస్తున్నా" అని పైకే చెబుతూ పేర్చింది. పేర్ల జాబితాను పక్కన పెట్టేసింది. పనిముట్టు చేతిలోకి వచ్చినప్పుడే దాని పేరు చెప్పేది. వీళ్ళకంటే ముందు చేరిన నలుగురివి మొదటి నెలలో నేను పందొమ్మిది ట్రేలు తిప్పి పంపాల్సి వచ్చింది. వీళ్ళకు రెండో పద్ధతిలో నేర్పాక నెల రోజుల్లో ఏడు.

మేడం ప్రాజెక్టు చదివి, "బాగుంది. కానీ నలుగురిని చూసి ఏదీ తేల్చలేం. ఇంకో రెండు బ్యాచ్‌లు చూడండి" అని రాసింది. మార్కులు మరీ గొప్పగా ఏమీ రాలేదు. డిగ్రీ మాత్రం చేతికొచ్చింది, అప్పటిదాకా ఖాళీగానే ఉన్న పోస్టూ వచ్చింది.

కొత్త కుర్చీలో కూర్చున్న వారంలోనే ఆమె ఆఫీసుకు వెళ్ళి, నిదానం రిపోర్టులో ఆ వాక్యం కొట్టేయమంది. పాత కాగితాలు దిద్దకూడదన్నాడు గుమాస్తా. కావాలంటే ఇంకో కాగితం జత చేయొచ్చన్నాడు. అక్కడే నిలబడి రాసింది. ఆ అమ్మాయి ట్రేలు నలభై మూడూ తప్పు లేకుండా పైకి వెళ్ళాయని, నేర్పడంలో లోపం తనదని, ఆసక్తి లేదన్నది తప్పుడు మాటని. సంతకం చేసి, నకలు తీసుకెళ్ళి నర్సరీలో ఇచ్చింది.

నిదానం మట్టి చేతులు తుడుచుకుని కాగితం మొత్తం చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. "మళ్ళీ వస్తావా?" అని ట్రేలక్క అడిగితే తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ బాగానే ఉందక్కా. మీరు నేర్పేది ఒకసారి చూస్తాను, అంతే."

అన్నట్టే నర్సరీలో తనకు సెలవున్న ఒక రోజున వచ్చింది. ఆ పూట థియేటర్లో పని లేక నేను కూడా కిందికి దిగాను. కొత్త బ్యాచ్‌లో ఐదుగురున్నారు. నిదానం చివరి బల్ల దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని గంటసేపు చూసింది. ట్రేలక్క దీపం కింద కత్తెర పట్టుకుని కీలు గురించి చెబుతోంది.

"అక్కా" అని పిలిచింది నిదానం. "ఈ చివరమ్మాయికి మీ వీపు తప్ప ఏమీ కనపడటం లేదు."

ట్రేలక్క దీపాన్ని బల్ల ఈ వైపుకు లాగింది. చివరమ్మాయిని దగ్గరకు రమ్మని, కత్తెర ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ కీలు నుంచి మొదలుపెట్టింది.