తమ్ముని కొండగోరింక

ఆ రోజు ఎప్పటిలాగే తెల్లారింది. వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాంపి చల్లాను. బొగ్గుపొయ్యి రాజేసి చాయ్‌కు నీళ్లు పెట్టి, దేవుని ముందు దీపం ముట్టించాను. బొగ్గుగని మొదటి షిఫ్టు సైరన్ కూసింది. అరుగు మీది పంజరంలో కొండగోరింక అచ్చం మా తమ్ముని గొంతుతో, "అక్కా, చాయ్ అయిందా?" అన్నది. "అయితాంది" అన్నాను అలవాటుగా. అప్పుడే మా నాయిన తమ్ముడు, మా కాక, దవాఖాన నుంచి సైకిల్ మీద వచ్చాడు. దిగకుండా ఒక కాలు కింద మోపి, "బిడ్డా, మన పోరడు లేడు" అన్నాడు.

రాత్రి డ్యూటీలో ఉండగానే గుండెనొప్పి తీసుకపోయింది. మాలో అందరికన్నా చిన్నోడు. నా చంకలో పెరిగినవాడు.

మా గల్లీలో నడిచేవాళ్లయితే మీరు కూడా ఆ పిట్ట పిలుపు వినే ఉంటారు. బొగ్గుబాయిలో తమ్మునితో పనిచేసే దోస్తు, గోదావరి అవతలి కొండల నుంచి దాన్ని పిల్లగా తెచ్చిచ్చాడు. నల్లని ఒళ్లు, చెంపలకు పసుపు పూసినట్టు పచ్చని తోలు. డ్యూటీ దిగి వచ్చి, మొఖం మీది బొగ్గయినా కడుక్కోకుండా దానికి జామపండు కోసిపెట్టేవాడు. ఎండాకాలం పంజరం మీద తడి గోనె కప్పేవాడు. "ఇది సల్లని అడివిల పుట్టింది, మన ఎండ దీనికేం ఎరుక" అనేవాడు.

"నాతోని నాలుగు మాటలుండయి గని, పిట్టతోని పొద్దుగూకేదాక ముచ్చట్లు" అని వాని భార్య, నా మరదలు, దెప్పేది.

"అది ఎదురు మాట్లాడదే" అని నవ్వేవాడు.

ఒకసారి నాతో అన్నాడు: "బాయిల అందరి మొఖాలు ఒక్కతీరే ఉంటయక్కా. గొంతు పట్టే మనిషిని గుర్తువడుతం."

మూడోరోజు తమ్ముని పేరున పిట్టకు, అంటే కాకులకు, పెట్టాము. కాకి ముడితే, పోయినవాళ్ల మనసులో కోరిక ఏదీ మిగల్లేదని మా నమ్మకం. విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన చాయ్, బీడీ. కాకులు తుమ్మచెట్టు మీద కూసున్నాయి గానీ దిగలేదు.

"పిల్లల సదువు ఆగదురా" అన్నాడు కాక. దిగలేదు.

"అమ్మను నేను సూసుకుంటరా" అన్నాను. దిగలేదు. దేవుణ్ణి తలచుకుంటూ నిలబడ్డాను. వాడు దేనికోసం ఆగాడో ఎవరికీ తోచలేదు.

అప్పుడు మరదలు కొంగు సర్దుకొని ముందుకొచ్చింది. "గోరింకను దాని కొండల ఇడిసొస్తా అని ఏటేటా అంటివి. సెలవు దొరకకపాయె. మేం ఇడిసొస్తం, నువ్వు ఫికర్ చెయ్యకు."

ఒక కాకి దిగి మెతుకు ముట్టింది.

అందరం చేతులు జోడించాము. అమ్మ మాత్రం జోడించలేదు. "వాని గొంతు గూడ పంపిస్తరా?" అన్నది.

ఆ సాయంత్రం అందరం కూర్చొని మాట్లాడుకున్నాము. ఇచ్చిన మాట తప్పొద్దన్నాడు కాక. దినాలు అయిపోయాక తమ్ముని దోస్తును తోడు తీసుకొని, నేనూ మరదలూ పిట్టను కొండకు తీసుకపోవాలని తీర్మానమైంది. అప్పటిదాకా పంజరం తన మంచం పక్కన పెట్టమన్నది అమ్మ, కప్పితే పిట్ట పలకదని దాని మీద గుడ్డ మాత్రం కప్పొద్దన్నది. సరేనన్నాము.