కుట్టుకి రెండంగుళాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ ఫ్లాటు కొని చూడు అని ఎవరూ అనలేదు. అప్పట్లో ఫ్లాట్లు లేవు కాబట్టి ఊరుకున్నారు. ఉండి ఉంటే, చూడబోయేటప్పుడు మన మిషనమ్మను వెంటబెట్టుకు వెళ్ళమని కూడా ఆ సామెతలోనే చేర్చేవారు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళయిన కొత్తలో కొన్న కుట్టుమిషనే ఆమె పేరయింది. భర్త పోయాక ఒక్కగానొక్క కూతుర్ని ఆ మిషనే పెంచింది, చదివించింది. ఇప్పుడా పిల్ల ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేస్తోంది, సొంతానికి ఫ్లాటు కొంటానంటోంది. "ఇక చాలమ్మా, కళ్ళకి కాస్త విశ్రాంతి ఇవ్వు" అని ఏడాదిగా పోరుతోంది కూడా. ఆ మాట మిషనమ్మ మనసులో ముల్లులా దిగబడింది. కొత్త ఇంట్లో మిషనుకి చోటుండదేమోనని ఆమె బెంగ. కూతుర్ని అడిగితే కాదంటుందేమోనని భయం.

ఫ్లాటు అమ్ముతున్నది ఒక రిటైరయిన హెడ్మాస్టరు. తలుపు తీసి "రండమ్మా" అనీ అనకముందే మిషనమ్మ గోడమీది క్యాలెండరు ఎత్తి చూసింది.

"అదేంటమ్మా!" అంది కూతురు సిగ్గుపడిపోతూ.

"అడగందే అమ్మైనా పెట్టదే. చూడందే గోడైనా చెప్పదు."

వాళ్ళ మొదటి అద్దె ఇంట్లో క్యాలెండరు వెనక అరచేతంత చెమ్మ ఉండేది. వానాకాలం వచ్చేసరికి అది గోడంతా పాకింది. భర్త మంచాన్ని గది మధ్యకు లాగి, "నడిసముద్రంలో ఉన్నాం పడుకో" అని నవ్వించేవాడు. ఆ ఇల్లు ఎంత పాడుదో, అందులో అంత నవ్వుకున్నారు. ఆ రోజులు మళ్ళీ రావు.

తర్వాత కుళాయిలన్నీ ఒక్కసారే తిప్పింది. "పైవాళ్ళు స్నానం చేసేటప్పుడు కూడా ఇలాగే వస్తుందా అండీ?" అని అడిగింది. రెండో అద్దె ఇంట్లో పైవాళ్ళ స్నానాలయ్యేదాకా వీళ్ళు బిందె పట్టుకు కూర్చునేవారు. లిఫ్టు ఆగితే ఎవరు వస్తారు, మేడ తాళం ఎవరి దగ్గరుంటుంది, నెలనెలా కట్టించుకునేదాంట్లో ఏమేం చేస్తారు, ఇంత మంచి ఇల్లు అసలెందుకు వదులుతున్నారు అని వరసగా అడిగింది.

"తమ్ముడి పక్కన ఇల్లు దొరికిందమ్మా, అందుకు" అన్నాడు హెడ్మాస్టరు. "నా సర్వీసులో ఇన్స్పెక్షనుకి వచ్చినవాళ్ళు కూడా ఇన్ని అడగలేదు."

కూతురు మొహం వెలిగిపోతోంది. ఇల్లు నచ్చింది. మిషనమ్మకూ నచ్చింది, ముఖ్యంగా వెనకగది కిటికీ. మిగతా కిటికీలకు పక్క బిల్డింగు గోడ అడ్డం. ఈ ఒక్కదాని పక్కన, బీరువా గూటికీ గోడకీ మధ్య కూర్చుంటే వెలుగు ఎడమ భుజం మీదుగా పడుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి అంతకన్నా ఏం కావాలి?

కూతురు హాల్లో మాట్లాడుతుండగా మెడలోని టేపు తీసి ఆ సందు కొలిచింది. ముప్ఫై ఏడంగుళాలు. నిన్న ఎవరూ చూడకుండా మిషను బల్ల కొలిచి పెట్టుకుంది. అది ముప్ఫై ఎనిమిది. మళ్ళీ కొలిచింది. గోడ జరగలేదు. టేపు చుట్టి మెడలో వేసుకుని, కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంకేమైనా అడగాలా అమ్మా?" కూతురు లోపలికి వచ్చింది.

"ఏం లేదు. బాగుంది, తీసుకో."

కూతురు ఆమె మొహం చూసింది, మెడలో తిరగబడి ఉన్న టేపు చూసింది. వెనకే వచ్చిన హెడ్మాస్టరు వైపు తిరిగింది. "ఒక్కటి అడగాలండీ. ఇక్కడ కుట్టుమిషను తొక్కితే కిందివాళ్ళకి ఇబ్బందా?"

"కిందాయన వయొలిను నేర్చుకుంటున్నాడమ్మా. మీరే ఆయన్ని భరించాలి."

"పట్టదులేవే" అంది మిషనమ్మ మెల్లగా. "కొలిచాను. ఒక అంగుళం తక్కువ."

"బల్ల కొలిచేటప్పుడు కుట్టుకి కలిపావా?"

మిషనమ్మ నాలుక కరుచుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఏది కొలిచినా చెయ్యి దానంతటదే కుట్టుకి రెండంగుళాలు కలిపేస్తుంది. సందులోనైతే గోడ అడ్డొచ్చి ఆగింది గానీ బల్లకి కలిపేసింది; అది నిజానికి ముప్ఫై ఆరే. కూతురి గౌన్లకైతే ఎదిగే పిల్లని ఇంకా ఎక్కువే కలిపేది. ఏటా మడత విప్పితే పాత గౌను కొత్తదయ్యేది.

"బల్లకి కుట్టెందుకమ్మా? అదేమన్నా ఎదుగుతుందా?" కూతురు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అడగందే అమ్మైనా పెట్టదంటావు. మరి నువ్వెందుకు అడగలేదు?"

"నీ ఇల్లు గదే..."

"నా ఇల్లే. మిషను చప్పుడు లేకుండా అది ఇల్లెలా అవుతుంది? నిన్ను రాత్రిళ్ళు కుట్టొద్దన్నాను గానీ, మానెయ్యమన్నానా?"

మిషనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. హెడ్మాస్టరు వైపు తిరిగింది.

"ఈ కర్టెన్లు ఎవరు కుట్టారండీ? ఒకపక్క పొట్టిగా ఉన్నాయి."